ఏకస్వం, ఏకభోగం, పేటెంటు: నెక్సావార్ ఉత్తర్వు నేపథ్యంలో పారిభాషిక పదాల పరిశీలన

వ్యాససంగ్రహం: పేటెంటును తెలుగులో ‘ఏకస్వం’ అనీ, ‘మేధోసంపత్తి హక్కు’ అనీ వ్యవహరిస్తున్నాం. చట్టం ఆ హక్కుకు విధించిన షరతులను ఈ మాటలు ఎంతవరకు తెలియజేస్తున్నాయన్నది ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న. హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మాకు 2012లో లభించిన తప్పనిసరి లైసెన్సు ఉత్తర్వు ఇందుకు ఆధారం.

కీలకపదాలు: పేటెంటు, ఏకస్వం, ఏకభోగం, తప్పనిసరి లైసెన్సు, నాట్కో, పారిభాషిక పదనిర్మాణం

1. మాట వెనుక ఊహ

పేటెంటు అన్న మాటకు మూలం లాటిన్‌లో ‘తెరచి ఉన్నది’ అనే అర్థమిచ్చే పదం. మడిచి ముద్ర వేయకుండా, అందరూ చదువుకోవడానికి వీలుగా రాజు జారీ చేసిన పత్రం అది. మన శాసనాలకు దగ్గరి చుట్టం. నేటి చట్టంలోనూ ఆ తెరచి ఉండే లక్షణం పోలేదు. 1970 నాటి భారత పేటెంట్ల చట్టం 10వ సెక్షన్ ప్రకారం దరఖాస్తుదారు తన ఆవిష్కరణను పూర్తిగా వివరించాలి; దానిని ఆచరించడానికి తనకు తెలిసిన ఉత్తమ పద్ధతిని వెల్లడించాలి. దాచుకోనందుకు ప్రతిఫలంగా 20 ఏళ్ల హక్కు లభిస్తుంది. ‘ఏకస్వం’ అన్న పదంలో ఈ వెల్లడి జాడ లేదు. ‘ఏక’ ఉంది, ‘స్వం’ ఉంది. అంటే ఒక్కడూ, వాడి సొత్తూ మిగిలాయి.

శాసనభాషతో పరిచయమున్నవారికి ఈ పదం వినగానే ‘ఏకభోగం’ గుర్తుకు రావడం సహజం. ఒక్క ప్రతిగ్రహీతకే ఇచ్చిన అగ్రహారం ఏకభోగం, పలువురికి కలిపి ఇచ్చినది గణభోగం. నిధి, నిక్షేపం మొదలుకొని అష్టభోగాలతో, ‘ఆచంద్రార్కం’ అనుభవించమని దాత ధారపోస్తాడు. పేటెంటు అటువంటి దానం కాదు. దానికి గడువుంది. పైగా అది ఇతరులను నిలువరించే హక్కే గాని, తన సరుకును అమ్ముకోవడానికి దానంతటదే ఇచ్చే అనుమతి కాదు. మందు అమ్మాలంటే ఔషధ నియంత్రణాధికారి అనుమతి విడిగా పొందవలసిందే. ‘సంపత్తి’ అన్న మాట ఈ తేడాలన్నిటినీ ఒకే ముద్దగా చేస్తుంది. ఇంటిస్థలానికీ పేటెంటుకూ తేడా లేదనిపిస్తుంది.

2. నెక్సావార్: ఒక హక్కు, మూడు షరతులు

మూత్రపిండాల, కాలేయ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ టొసిలేట్‌పై బేయర్ సంస్థకు 2008 మార్చిలో భారతదేశంలో పేటెంటు లభించింది. నెక్సావార్ పేరుతో అమ్మిన ఆ మందుకు నెలకు అయ్యే ఖర్చు రూ. 2,80,428. స్వచ్ఛందంగా లైసెన్సు ఇవ్వమని నాట్కో అడిగింది, బేయర్ ఇవ్వలేదు. పేటెంటు మంజూరై మూడేళ్లు నిండాక, 2011లో, 84వ సెక్షన్ కింద నాట్కో దరఖాస్తు చేసింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ లైసెన్సు మంజూరు చేశారు. భారతదేశంలో ఇది మొదటి తప్పనిసరి లైసెన్సు. నెలకు సరిపడే 120 మాత్రల ధర రూ. 8,800గా, బేయర్‌కు చెల్లించవలసిన రాయల్టీ 6 శాతంగా నిర్ణయమయ్యాయి. అప్పీలు విన్న మేధోసంపత్తి బోర్డు రాయల్టీని 7 శాతం చేసింది. 2014లో బొంబాయి హైకోర్టు లైసెన్సును సమర్థించగా, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

84వ సెక్షన్ చెప్పే కారణాలు మూడు: ప్రజల సహేతుక అవసరాలు తీరకపోవడం, అందుబాటు ధరకు దొరకకపోవడం, ఆవిష్కరణ భారత భూభాగంలో ‘వర్క్’ కాకపోవడం. వీటిలో ఒక్కటి రుజువైనా చాలు. కంట్రోలర్ మూడూ రుజువైనట్లు నిర్ణయించారు. బేయర్ వాదనలోని ఒక అంశం వ్యాపారవ్యూహంగా ఆసక్తికరమైనది. సిప్లా కూడా ఈ మందును తక్కువ ధరకు అమ్ముతోంది కనుక ప్రజల అవసరం తీరుతోందని ఆ సంస్థ చెప్పుకుంది. అదే సిప్లాపై ఉల్లంఘన దావా వేసి, అమ్మకాలు ఆపించాలని ఢిల్లీలో పోరాడుతున్నదీ బేయరే. ఒక చేత్తో తోసేస్తున్నవాణ్ణి మరో చేత్తో సాక్షిగా నిలబెట్టడం ఇది. కంట్రోలర్ దీనిని అంగీకరించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నాట్కోను ధర్మదాతగా చిత్రించడమూ సరికాదు. అది చట్టాన్ని శ్రద్ధగా చదివి, అందులోని మూడు వాక్యాలను వ్యాపారావకాశంగా మలచుకున్న సంస్థ. ఏటా కనీసం 600 మంది పేదరోగులకు మందు ఉచితంగా ఇవ్వాలన్నది లైసెన్సు నిబంధన. దాన్ని దయాగుణంగా చదవనక్కరలేదు. ఇతరులకు బదిలీ చేయరాదన్న షరతూ ఉంది. అదే నగరానికి చెందిన లీ ఫార్మా మధుమేహపు మందు సాక్సాగ్లిప్టిన్ కోసం ఇదే సెక్షన్‌ను ఆశ్రయించినప్పుడు, ప్రజల అవసరం తీరడంలేదని చూపలేకపోయింది. 2016లో ఆ దరఖాస్తు తిరస్కృతమైంది. ధర ఎక్కువన్న ఒక్క ఫిర్యాదుతో తలుపు తెరుచుకోదన్నమాట.

3. ‘వర్క్’కు తెలుగేది?

వివాదమంతా ఒక క్రియాపదం చుట్టూ తిరిగింది. దిగుమతి చేసి అమ్మితే ఆవిష్కరణ ‘వర్క్’ అయినట్టేనా? కాదన్నారు కంట్రోలర్. అప్పీలు బోర్డు, హైకోర్టు కొంత సడలించాయి: ఇక్కడ తయారుచేయడం ఎందుకు సాధ్యం కాదో పేటెంటుదారు చూపగలిగితే దిగుమతి కూడా సరిపోవచ్చునన్నాయి. దీన్ని ‘వినియోగంలోకి తేవడం’ అని అనువదిస్తే చిక్కు మొదలవుతుంది. దిగుమతైన మాత్రను రోగి మింగితే అది వినియోగమే కదా! అనువాదమే తీర్పు చెప్పేసినట్టవుతుంది, అదీ బేయర్ పక్షాన. ‘ఉత్పత్తి’ అంటే రెండోవైపు మొగ్గుతాం. ‘ఆచరణ’ కొంత మేలు: చోటును సూచించే విశేషణం కలిపి ‘దేశీయ ఆచరణ’ అంటే, వాదానికి తావు మిగులుతూనే చట్టంలోని ‘భారత భూభాగం’ కూడా నిలుస్తుంది.

‘నిర్బంధ లైసెన్సు’ అనే వాడుకతోనూ పేచీ ఉంది. నిర్బంధం అనగానే జప్తు గుర్తుకు వస్తుంది. ఇక్కడ బేయర్ పేటెంటు రద్దు కాలేదు, రాయల్టీ అందింది, మందు అమ్ముకునే హక్కూ మిగిలింది. ‘తప్పనిసరి’ అన్నది తక్కువ హాని చేసే మాట.

పేటెంటుదారు తన ఆవిష్కరణ ఇక్కడ ఎలా ఆచరణలో ఉందో తెలిపే ప్రకటనను 27వ నమూనాలో దాఖలు చేయాలి. లైసెన్సు కోరేవారికి అది ముఖ్యమైన ఆధారం. నెక్సావార్ కేసులోనూ బేయర్ సమర్పించిన వివరాలు ఆ సంస్థకే ఎదురుతిరిగాయి. 2024 మార్చి సవరణతో ఈ ప్రకటన ఏటా కాక మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి ఇస్తే చాలు. ‘సంపత్తి’ దృష్టితో చదివితే ఇది యజమానికి కాగితాల బరువు తగ్గించిన చిన్న సౌకర్యం. తెరచి ఉండవలసిన పత్రంగా చదివితే మాత్రం, ప్రజలు తొంగిచూడగల కిటికీ ఏటా కాక మూడేళ్లకు ఒకసారి తెరుచుకుంటుంది.