‘డ్రాగన్స్ లెయిర్’: పాత ఆట, కొత్త యంత్రం

నాచారంలో సినిమా అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. నందమూరి తారక రామారావు 1970లలో రామకృష్ణా స్టూడియోను నెలకొల్పినది అక్కడే. సెకండుకు 24 నిశ్చల చిత్రాలను కంటి ముందు నడిపితే బొమ్మ కదిలినట్లు తోస్తుంది. కాని అది మనం చెప్పినట్లు కదలదు. ఫిల్ములో ముందే ఉన్నట్లు కదులుతుంది. ప్రేక్షకుడే కథానాయకుణ్ణి నడపగలిగితే? ఈ ప్రశ్నకు 1983లో అమెరికాలో వచ్చిన ఒక జవాబు ‘డ్రాగన్స్ లెయిర్’, అనగా డ్రాగన్ గుహ, అనే ఆట. నింటెండో స్విచ్ కన్సోలుకు 2019లో వెలువడిన ప్రతిని ఇటీవల నాచారంలోనే, హైస్కూలులో చదివే అన్నదమ్ములిద్దరితో కలిసి, మళ్లీ ఆడి చూశాను.

కథ పేదరాసి పెద్దమ్మ కథలవంటిదే. డాఫ్నీ అనే రాకుమారిని సింజ్ అనే డ్రాగన్ చెరపట్టింది. డర్క్ అనే వీరుడు మాయకోటలో చొరబడి ఆమెను విడిపించాలి. బొమ్మలు మాత్రం సామాన్యమైనవి కావు. 1979లో డిస్నీ సంస్థను విడిచి వచ్చిన డాన్ బ్లూత్, ఆయన సహచరులు చేతితో గీసినవి. ఆనాటి తక్కిన ఆటలలో వీరుడంటే కొన్ని రంగు చదరాల కూర్పు. డర్క్ అలా కాదు. తడబడతాడు, బెదురుతాడు, గుడ్లు మిటకరిస్తాడు. నలభై ఏళ్లు గడిచినా ఆ గీత వాడిపోలేదు.

ఇంత సినిమా ఆటపెట్టెలో ఎలా ఇమిడింది? ఆనాటి చిన్న కంప్యూటరు జ్ఞాపకంలో అది పట్టదు. అందుచేత ఈ ఆటను తలపెట్టిన రిక్ డయ్యర్ బొమ్మలను లేజరు డిస్కు మీదికి ఎక్కించాడు. ఆ పళ్లెం నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంది. చుట్టుకొక చిత్రం చొప్పున సెకండుకు 30 చిత్రాలు. ఒక పక్కన 54,000 చిత్రాలు పడతాయి. ప్రతిదానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఇక కంప్యూటరుకు మిగిలిన పని స్వల్పం. ఫలానా చిత్రం నుండి ఫలానా చిత్రం లోపల ఆటగాడు మీటను కుడికి తోశాడా? తోస్తే కథ సాగుతుంది. లేకుంటే డర్క్ చచ్చే ఘట్టం వస్తుంది. అది పళ్లెంలో మరొకచోట ఉండవచ్చు. చదివే లేజరు అక్కడికి జరిగేదాకా తెర నల్లబడేది.

కన్సోలులో తిరిగే పళ్లెం లేదు, కనుక ఆ చీకటికి కారణమూ లేదు. మంచిదే. అయితే జాప్యం ఇప్పుడు మరొక దారిన వస్తుంది. నేటి టెలివిజన్లు బొమ్మకు మెరుగులు దిద్ది గాని చూపవు. ఆ కాస్త ఆలస్యం ఈ ఆటలో ప్రాణాంతకం. టెలివిజనులో ‘గేమ్ మోడ్’ ఉంటే ముందుగా పెట్టుకోవాలి.

ఆటగా దీని విలువ ఎంత? నా తక్కెడ ఇక్కడ ఇటే మొగ్గుతుంది: తక్కువే. పక్కనే ఉన్న ఉప్పల్ క్రికెట్ మైదానాన్ని తలచుకోండి. గంటకు 140 కిలోమీటర్ల వడితో వచ్చే బంతి అర సెకండు లోపలే బ్యాటును చేరుతుంది. సంకేతం కంటబడి చేయి కదలడానికే సుమారు 0.2 సెకండు పోతుంది. అయినా ఆటగాడు ఆపవచ్చు, వదలవచ్చు, ఏ వైపుకైనా కొట్టవచ్చు. ఏది చేసినా బంతి దానికి తగిన దారిన పోతుంది. డర్క్‌కు ఆ స్వేచ్ఛ లేదు. ప్రతి క్షణానికీ సరియైన జవాబు దాదాపు ఒక్కటే. అది తెలియడానికి ఒకసారి చావాలి, గుర్తుంచుకోవాలి.

పెద్దవాడు రెండు సాయంత్రాలలో కదలికలన్నీ వరుసగా వల్లించాడు, ఎక్కాలు అప్పజెప్పినట్లు. తెర కేసి చూడకుండానే మీట తోసేవాడు. అయితే ఈ ఆటలో కొన్ని ఘట్టాలు అద్దంలో ప్రతిబింబంవలె కుడి ఎడమలు తారుమారై తిరిగి వస్తాయి. వల్లించిన ‘కుడి’ అక్కడ మృత్యువు. వాడు వరుసగా చచ్చాడు. తెరలో దారి ఎటున్నదో చూసి తోసే తమ్ముడు నిదానంగా దాటిపోయాడు. ఆట మొత్తంలో నాకు నచ్చిన యుక్తి ఇదొక్కటే. దురదృష్టవశాత్తు కన్సోలు ప్రతిలో ఎటు తోయవలెనో గుర్తులతో చూపే సదుపాయం కూడా ఉన్నది. అది పెట్టుకుంటే కళ్లు గుర్తులకే అంటుకుపోతాయి. బ్లూత్ బొమ్మలు వృథా. బొమ్మలే కావాలనుకుంటే ఆడకుండా చూసే ఏర్పాటు వేరే ఉన్నది. చిత్రభాగమంతా కలిపి సుమారు 22 నిమిషాలే.

ఉపాధ్యాయులు ఒక్క గది ఘట్టాన్ని తీసుకుని, ఏ కదలికకు ఏ ఘట్టం వస్తుందో పిల్లలచేత కాగితం మీద గీయించవచ్చు. కొమ్మలు ఎన్ని గీసినా దాదాపు అన్నీ చావు దగ్గర మొండిగా ఆగిపోతాయి. అదే సంపుటిలో, అదే బృందం ఆ వెంటనే చేసిన ‘స్పేస్ ఏస్’ కూడా ఉన్నది. దానిలో కొన్నిచోట్ల నాయకుడు చిన్నవాడుగానే ఉండిపోవచ్చు, బలశాలిగా మారనూ వచ్చు. రెండు కొమ్మలూ ముందుకు సాగుతాయి. దాని కాగితం గీయడానికి ఆ తమ్ముడికి రెండో పేజీ కావలసివచ్చింది.