శకస్థానము: ఒక పేరు, దాని వయస్సు

‘శక’ అను మాట తెలుగు పంచాంగములలో నేటికిని నిలిచియున్నది. అది మధ్య ఆసియా గడ్డిమైదానములలో పశువుల వెంట సంచరించిన జనుల పేరు. ఇరాన్, ఆఫ్ఘనిస్తానముల సరిహద్దున, హెల్మండ్ నది తుదను ఉన్న సీస్తాన్ సీమకు పూర్వనామము ‘శకస్థానము’. అందుచే శకుల జన్మభూమి ఇదియే యని తలచుట సులభము. కాని ఆ వాదము నిలువదు.

క్రీ. పూ. 520 ప్రాంతమున డేరియస్ చక్రవర్తి చెక్కించిన బెహిస్తూన్ శాసనములో ఈ సీమ పేరు ‘జ్రంక’. అదే జాబితాలో శకదేశము వేరుగా కలదు. క్రీ. పూ. 2వ శతాబ్దిలో యూచీల ఒత్తిడిచే శకులు దక్షిణమునకు కదలిరి. వారిలో కొందరు ఇచ్చట స్థిరపడిన పిదపనే పాతపేరు మరుగుపడినది. మథురలో లభించిన సింహశీర్షముపై ఖరోష్ఠీ లిపిలో ‘సకస్తన’ అని యున్నది. అరబ్బుల నోట అది సిజిస్తాన్, పారసీకుల నోట సీస్తాన్ ఐనది.

ఇందలి ‘స్తాన్’ సంస్కృతమునుండి అరువు తెచ్చుకొనినదనుటయు సరికాదు. ‘స్తాన్’, ‘స్థానము’ ఒకే మూలమునుండి వచ్చిన సోదరపదములు.

పేరును సాక్ష్యముగా చూపువారు ముందు దాని వయస్సును విచారింపవలెను. శకస్థానము శకులు నిలిచిన చోటు. పుట్టిన చోటును ఉత్తరపు మైదానములలో వెదకవలసినదే.