చెప్పింది రాసే పని

పరీక్ష హాల్లో అంధ విద్యార్థి పక్కన కూర్చుని జవాబులు రాసిపెట్టే మనిషిని స్క్రైబ్ అంటారు. వీలు చిక్కినప్పుడల్లా నేను చేసే పని అది. బయటివాళ్లకు సేవలా కనిపిస్తుంది గానీ, అందులో కష్టమంతా నోరు కట్టేసుకోవడంలోనే ఉంది. ఆ అబ్బాయి తప్పు సంవత్సరం చెబితే తప్పే రాయాలి. వాక్యం మధ్యలో ఆగితే ఆగి కూర్చోవాలి, అందించకూడదు. ఆబ్జెక్టివ్ ప్రశ్నలు చదివేటప్పుడు సరైన జవాబు దగ్గర గొంతు ఇసుమంతైనా మారకూడదు. "సార్, ఇందాకటిది మళ్లీ ఒకసారి చదవండి" అంటే విసుక్కోకుండా చదవాలి. మార్కులు వాళ్లవి. తప్పితే ఆ తప్పడమూ వాళ్లదే.

ఈ అలవాటు వల్లనే కాబోలు, దానధర్మాల గురించి ఎవరు మాట్లాడినా నా మనసు బర్మాలో, యాంగోన్‌లోని చిమిండైంగ్ వైపు పోతుంది. యాంగోన్ అంటే మన ఉత్తరాంధ్ర పెద్దవాళ్లు 'రంగం' అన్న ఊరే. కోరంగి, విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి మనవాళ్లు ఓడలెక్కి వెళ్లి ఆ రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. ఆ ఊరికి పడమటి అంచున, నది ఒడ్డున ఉంది చిమిండైంగ్. ఇంగ్లీషువాళ్ల కాగితాల్లో అది కెమెండైన్. 1914లో పర్సర్ అనే ఆంగ్లికన్ మిషనరీ అక్కడ అంధ బాలల బడి పెట్టాడు. 1917లో ఆయన బావమరిది విలియం హెన్రీ జాక్సన్ ఇంగ్లండ్ నుంచి వచ్చి ఆ బడి బాధ్యత తలకెత్తుకున్నాడు.

జాక్సన్‌కు పసితనంలోనే చూపు పోయింది. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి మతగురువయ్యాడు. బర్మా వచ్చాక చెప్పులు వదిలేశాడు. నేల మీద పడుకున్నాడు, పిల్లలతో పాటు కూర్చుని చేత్తోనే తిన్నాడు. ఇంతవరకు చాలామంది త్యాగమూర్తుల కథల్లో ఉండేదే. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ఆయన అక్షరాల దగ్గర చేసిన పని. బర్మీస్ భాషకు చుక్కల లిపి (బ్రెయిలీ) ఒకటి కట్టాడు. ఆ భాషకు మనలాగే క, ఖ, గ, ఘ వరసలో నడిచే వర్ణమాల ఉంది. పాళీ మాటల కోసం ట వర్గం కూడా ఉంది. వాడుకలో అరుదుగా వచ్చే అలాంటి అక్షరాలను ఆయన పక్కన పెట్టేశాడు. చూపున్న పండితుడైతే వర్ణమాల మొత్తాన్నీ తెచ్చి ఆ పిల్లల వేళ్ల కింద పోసి ఉండేవాడని నా అనుమానం. వేలితో తడిమి చదవడం ఎంత శ్రమో తెలిసిన మనిషి గనక ఈయన మోత తగ్గించాడు. తర్వాత కాలంలో, వదిలేసిన అక్షరాలను కూడా చేర్చి అక్కడివాళ్లు లిపిని తిరగరాసుకున్నారు. దాత ఇచ్చినదాన్ని పుచ్చుకున్నవాళ్లు దిద్దుకోగలగడం నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన భాగం.

బడిలో చదువుతో పాటు చేతిపని నేర్పారు. నేర్చిన పిల్లవాడు పదిమందిలో కూలి అడగగలగాలి అన్నది లెక్క. 1930లో ప్రభుత్వం జాక్సన్‌కు కైజర్-ఇ-హింద్ బంగారు పతకం ఇచ్చింది. మరుసటేడు ఆయన పోయాడు. బడి ఇప్పటికీ ఉంది. ఆ బడికి వచ్చిన డబ్బు వెంట చర్చి కూడా వచ్చిందన్నది దాచాల్సిన సంగతేమీ కాదు. సముద్రం దాటి వచ్చే సొమ్ము ఉత్త చేతులతో రాదు, ఏదో ఒక జెండా పట్టుకునే వస్తుంది. అయినా ఒక దొర వచ్చి అక్కడివాళ్లకు దానం నేర్పాడని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. బర్మా వీధుల్లో బాటసారుల కోసం మట్టి కుండల్లో నీళ్లు నింపి పెట్టడం తరాల నాటి అలవాటు. మన చలివేంద్రం వేసవితో మూతపడుతుంది, వాళ్ల కుండలు ఏడాది పొడుగునా ఉంటాయి. లోకంలో ఎవరు ఎంత ఇస్తున్నారని లెక్కగట్టే వరల్డ్ గివింగ్ ఇండెక్స్‌లో 2014 నుంచి 2017 దాకా వరసగా మొదటి స్థానం ఆ బీద దేశానిదే. మొదటి ఏడాది మాత్రం అమెరికాతో పంచుకుంది. 2008 మేలో నర్గీస్ తుపాను దాదాపు 1,38,000 మందిని మింగినప్పుడు, సైనిక ప్రభుత్వం విదేశీ సాయాన్ని వారాల తరబడి అడ్డుకుంది. యాంగోన్ జనమే బియ్యం, బట్టలు బళ్లకెత్తుకుని తుపాను దెబ్బతిన్న డెల్టాకు పరుగెత్తారు. అలా పంచి, సర్కారు తీరును విదేశీ మీడియాకు చెప్పిన పాపానికి హాస్యనటుడు జర్గనార్ జైలుకు పోయాడు.

మన ఇంటికొద్దాం. హైదరాబాద్ బేగంపేటలో కంటి డాక్టరు సాయిబాబా గౌడ్ 1990ల మొదట్లో దేవనార్ అంధుల పాఠశాల పెట్టారు. మచిలీపట్నం దగ్గరి పల్లె నుంచి వచ్చిన బొల్లా శ్రీకాంత్ అక్కడే చదివాడు. పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి వీల్లేదంటే కోర్టుకెక్కి సాధించుకున్నాడు. ఎంఐటీలో చదివి వచ్చి బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వికలాంగులకు ఉద్యోగాలిస్తున్నాడు. చిమిండైంగ్ బడి వెతికిన దారే ఇదీ, కాకపోతే ఈసారి యజమాని సంతకం కూడా అంధుడిదే.

ఇంత ఉన్నా, మన దానం ఇంకా అన్నం దగ్గరే ఆగిపోయింది. ఏ అంధుల హాస్టలుకైనా వెళ్లండి, పుట్టినరోజు భోజనాలకు దాతలు వరస కట్టి ఉంటారు. ఆగస్టు 15న ఒకే పూటకు ముగ్గురు స్వీట్లు తెస్తారు. కేకు కోయడం, ఫోటో దిగడం, పిల్లలచేత పాట పాడించుకోవడం అన్నీ అవుతాయి. మార్చి వచ్చేసరికి అదే హాస్టల్లో పిల్లలు స్క్రైబ్ దొరక్క ఫోన్లు పట్టుకుని తిరుగుతుంటారు. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం విద్యార్థి తన స్క్రైబును తానే తెచ్చుకుంటే, ఆ స్క్రైబు చదువు విద్యార్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాల్సి వచ్చింది. అంటే డిగ్రీ పరీక్షకు ఇంటర్ కుర్రాడు కావాల్సి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటర్ కుర్రాడికీ పరీక్షలు. నాలాంటి పాతకాలపు డిగ్రీలవాళ్లం చాలా పరీక్షలకు పనికిరాం. గంటకు ఇరవై నిమిషాలు అదనంగా ఇస్తారు గనక మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది. నాలుగు గంటలు కదలకుండా కూర్చుని మరొకరి మాట రాయగల పద్దెనిమిదేళ్ల పిల్లల్ని వెతికిపెట్టే బాధ్యత భోజనం పెట్టే దాతల్లో ఎవరైనా తీసుకుంటారా అని ఒక వార్డెన్‌ను అడిగాను. ఆయన నవ్వి, వచ్చే నెల భోజనాల పట్టిక తీసి చూపించాడు. ఒక్క రోజూ ఖాళీ లేదు.