వడదెబ్బ వార్తకు అడగాల్సిన ప్రశ్నలు

ఏప్రిల్ వచ్చిందంటే మండలాల నుంచి పత్రిక డెస్కుకు ఒకే తీరు వార్తలు మొదలవుతాయి. ‘వడదెబ్బతో ఉపాధి కూలీ మృతి’, ‘వడదెబ్బకు వృద్ధురాలు మృతి’. పేరు, వయసు, ఊరు కలిపి నాలుగు వాక్యాలు. జిల్లా పేజీలో ఓ మూల సర్దుతాం. పక్క జిల్లాలో పోయిన మనిషి వార్త ఆ జిల్లా ఎడిషన్‌లోనే ఉండిపోతుంది. అన్నీ ఒక్కచోట ఏ పాఠకుడికీ కనిపించవు.

జిల్లా పేజీలు తెలుగు పత్రికలకు పెద్ద బలం. ఊళ్లో బోరు ఎండిన సంగతి కూడా పేపర్లోకి ఎక్కుతోందంటే వాటి వల్లే. కానీ వాతావరణ మార్పు జిల్లా హద్దుల్లో ఇమిడే వార్త కాదు. ఏళ్ల తరబడి, ఊరూరి సంగతులు కూడి చూస్తేనే దాని రూపం తెలుస్తుంది. మన దగ్గర వాతావరణ జర్నలిజం ఈ కూడికతోనే మొదలవ్వాలని నా నమ్మకం.

2015 వేసవిలో వడగాడ్పులకు దేశంలో 2,000 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. ఆ లెక్కలోకి ఎక్కడమూ తేలిక కాదు. తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి విచారించి వడదెబ్బేనని తేల్చాలి. పొద్దంతా ఎండలో పనిచేసిన గుండెజబ్బు మనిషి రాత్రి నిద్రలో పోతే, దాన్ని గుండెపోటుగానే రాసుకుంటారు. అహ్మదాబాద్‌లో 2010 మే నాటి గాడ్పులపై పరిశోధకులు వేరే దారి పట్టారు. కారణం ఏమని రాశారన్నది పక్కనపెట్టి, నగరంలో నమోదైన మొత్తం మరణాలను మామూలు మే నెలలతో పోల్చారు. 1,344 మరణాలు అదనంగా తేలాయి. ఆ అనుభవం తర్వాత 2013లో ఆ నగరం తెచ్చుకున్న వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక దక్షిణాసియాలోనే మొదటిది. ఇలాంటి మరణాల పోలిక విలేకరులూ చేయొచ్చు. మున్సిపాలిటీల్లో జనన మరణాల రిజిస్టర్లున్నాయి, అడగడానికి సమాచార హక్కు చట్టం ఉంది.

లెక్క తేలాక కారణం రాయడం మరో పరీక్ష. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో భారత్, పాకిస్తాన్‌లను మాడ్చిన గాడ్పులకు మనుషులు తెచ్చిన వాతావరణ మార్పు వల్ల అవకాశం 30 రెట్లు పెరిగిందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. ఫలానా కూలీ చావుకు అదే కారణమని వాళ్లు చెప్పలేదు. మనమూ అలా రాయకూడదు. మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆ మనిషి ఎన్ని గంటలకు పనిలోకి దిగాడు? మిట్టమధ్యాహ్నం దాకా ఎందుకు ఉండాల్సి వచ్చింది? ఇల్లు రేకులదా? రాత్రయినా చల్లబడిందా? పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స సామగ్రి ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టమే చెప్పింది, అక్కడ అవి ఉన్నాయా? రాసిన పంక్తుల లెక్కన వచ్చే లైన్ అకౌంట్ డబ్బు మీద బతికే మండల విలేకరి చేతికి ఈ ప్రశ్నలు అందించడం, జవాబులకు పేజీలో చోటివ్వడం డెస్కు బాధ్యత.

వర్ధమాన దేశపు విలేకరి మీద ఇంకో బరువుంది. తలసరి ఉద్గారాల్లో మనం ప్రపంచ సగటులో సగమైనా లేము. ఈ అసమానతను మన పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే ప్రపంచం ముందు పెట్టారు. ధనిక దేశాలు బాకీ ఉన్న సంగతి గట్టిగా రాయాలి. ఆ న్యాయమైన మాట చాటున మన అధికారుల నిర్లక్ష్యం దాక్కోకుండా చూడాలి. రెండూ ఒకే వార్తలో రాయగలగడమే ఈ వృత్తిలో నేర్పు.

తెలంగాణ ప్రభుత్వం 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, పరిహారాన్ని రూ.50 వేల నుంచి రూ.4 లక్షలకు పెంచింది. మంచి నిర్ణయం. అయితే తొలకరి పడగానే పత్రికలు ఈ విషయం వదిలేస్తాయి. ఎన్ని కుటుంబాలు దరఖాస్తు చేశాయి, ఎన్ని తిరస్కరణకు గురయ్యాయి, ఎందుకు అన్నది వానాకాలంలో వెళ్లి అడగాలి. పనివేళలు మార్చడానికి, నీడ వేయడానికి అధికారులకు వ్యవధి ఉండేది అప్పుడే. మే నెలలో రాస్తే చనిపోయినవారి గురించి రాసినట్టు. ఆగస్టులో రాస్తే వచ్చే ఎండాకాలం పనిలోకి దిగబోయేవారి కోసం రాసినట్టు.