కలప అతుకులు: యోహాన్‌సెన్ సిద్ధాంతముపై ఒక విమర్శ

బోల్టులతో బిగించిన కలప అతుకు ఎంత బలమును తట్టుకొనగలదు? ఈ ప్రశ్నకు హేతుబద్ధమైన సమాధానము డెన్మార్కు ఇంజనీరు కె. డబ్ల్యు. యోహాన్‌సెన్ 1949లో ప్రకటించిన వ్యాసమున లభించును. బోల్టు ఒత్తిడికి కలప నలుగుట, బోల్టు తానే వంగుట - ఈ రెండింటిలో ఏది ముందు జరుగునో, లేక రెండును ఎప్పుడు కలిసి జరుగునో అతడు లెక్క కట్టి చూపినాడు. పలుచని పలకలో లావు బోల్టు వంగదు, కలపయే నలుగును. మందపు దూలములో సన్నని బోల్టు వంగును. పట్టికలను వల్లించుటకు మారుగా కారణమును చూపుటయే ఈ సిద్ధాంతపు గొప్పతనము. అమెరికా నిబంధనలు 1991లోను, ఐరోపా ప్రమాణమగు యూరోకోడ్ 5 2004లోను దీనిని ఆధారముగ గైకొన్నవి.

అయితే కట్టడములలో అతుకుపై ఒకే రకపు బలము పనిచేయుట అరుదు. కప్పు చట్రపు అతుకులో లాగుడుతో పాటు త్రిప్పుడు కూడ ఉండవచ్చును. లాగుడు బోల్టులన్నింటికి ఒకే దిశలో పంచబడును. త్రిప్పుడు వలన కలుగు బలపు దిశ బోల్టు బోల్టుకు మారును. సమాంతర చతుర్భుజ నియమముతో ఫలిత బలమును కనుగొనుట హైస్కూలు విద్యార్థికి తెలిసినదే. చిక్కంతయు ఆ తరువాతనే. ఇనుము వలె కలప అన్ని దిశలలో ఒకే తీరున ఎదిరించదు.

ఇచట 1921 నాటి హాంకిన్‌సన్ సూత్రము అక్కరకు వచ్చును. నార వెంబడి కలప దార్ఢ్యము 40, నారకు అడ్డముగ 10 అనుకొందము. 45 డిగ్రీల కోణములో ఎంత? సగటు తీసి 25 అందురు. సూత్రము ప్రకారము, 40, 10ల లబ్ధమగు 400ను, 40లో సగము, 10లో సగము కూడగా వచ్చిన 25చే భాగింపవలెను (45 డిగ్రీలకు సైను వర్గము, కొసైను వర్గము రెండును సగములే కదా). వచ్చునది 16 మాత్రమే. కనుక అన్నింటికన్న ఎక్కువ బలము పడిన బోల్టు వద్దనే అతుకు మొదట లొంగునని చెప్పుటకు వీలులేదు.

యోహాన్‌సెన్ సిద్ధాంతములోని అసలు లోటు వేరు. కలప మెల్లగా నలుగునని అది భావించును. కాని కలప ఉన్నట్టుండి చీలును కూడ. పలక అంచున మేకు కొట్టరాదని ఎరిగిన వడ్రంగికి ఈ సంగతి కొత్త కాదు. నార వెంబడి, బోల్టు వ్యాసమునకు 5 రెట్లు ఎడముగ, ఒకే వరుసలో 4 బోల్టులున్నచో వాటిని సుమారు 2.7 బోల్టులుగ మాత్రమే లెక్కింపవలెనని యూరోకోడ్ 5 విధించినది. ఈ సవరణ యోహాన్‌సెన్ సమీకరణముల నుండి పుట్టినది కాదు, బయటి నుండి చేర్చినది.

2003 జనవరి 3న అతని దేశములోనే, కోపెన్‌హేగన్ చెంత బాలెరుప్ క్రీడామందిరములో, 72 మీటర్ల పొడవున్న 12 కలప చట్రములలో రెండు కూలినవి. అప్పుడు చెప్పుకొనదగినంత మంచు గాని గాలి గాని లేదు. చట్రపు చివరి అతుకులలో ఉక్కు పలకలకై కోసిన గాడులు, చీలలకై తొలిచిన రంధ్రములు పోగా మిగిలిన కలప అడ్డుకోత ఎంతయో రూపకర్తలు సరిగా లెక్కించలేదు. ఆ అడ్డుకోతను గూర్చి యోహాన్‌సెన్ సమీకరణములు ఏమియు చెప్పవు. వాటిలో దానికి చోటే లేదు.