అచ్చులో పుట్టే స్లాట్ కారు

ట్రాక్‌లోని సన్నని గాడిని పట్టుకుని పరుగెత్తే చిన్న విద్యుత్ కారే స్లాట్ కారు. బ్రిటన్‌లో ఫ్రెడ్ ఫ్రాన్సిస్ 1957లో స్కేలెక్స్‌ట్రిక్ పేరుతో ఈ ఆటను ఇళ్లలోకి తెచ్చాడు. తొలి కార్లు రేకువి, తరువాత ప్లాస్టిక్‌వి వచ్చాయి. 1/32 కొలత బాగా వాడుకలో ఉంది. ఫ్యాక్టరీలో ఉక్కు అచ్చు ఖర్చు తిరిగి రావాలంటే కార్లు వేలల్లో అమ్ముడవ్వాలి. అందుకే కొద్ది రేసుల్లోనే కనిపించిన కారు కావాలంటే అభిమాని తన బల్ల మీదే చేసుకుంటాడు.

1962 లె మాన్స్ రేసులో పరుగెత్తిన ఫెరారీ ‘బ్రెడ్‌వ్యాన్’ అలాంటిదే. అసలు కారే మార్పులతో పుట్టింది. ఇంజినీరు జొట్టో బిజ్జారీని ఒక 250 జీటీ ఎస్‌డబ్ల్యూబీ కారును తీసుకుని, ఇంజిన్‌ను కిందికీ వెనక్కీ జరిపి, కప్పును తోక దాకా సాగదీసి నిలువుగా తెగ్గోశాడు. నమూనాకూ అదే దారి. ప్లాస్టిక్ కిట్ నుంచి తలుపుల భాగం తీసుకుని, ముక్కును కోసి దించి, ప్లాస్టిక్ రేకుతో కొత్త కప్పు కడతారు. వేర్వేరు కిట్ల ముక్కలను ఇలా కలపడమే కిట్‌బాషింగ్. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం అసలు కారులో 2,400 మిల్లీమీటర్లు, నమూనాలో సరిగ్గా 75. ఇది తప్పితే మిగతా కొలతలు ఎంత కుదిరినా ఆ కారు పోలిక రాదు.

అతుకులను పుట్టీతో పూడ్చి, గరుకు కాగితంతో తడిగా రుద్ది, బూడిదరంగు ప్రైమర్ కొడతారు. దాగిన లోపాలు అప్పుడే బయటపడతాయి. తరువాత అచ్చు తీసే సిలికాన్ రబ్బరు వేలిముద్రను కూడా వదలదు కాబట్టి ఓపికంతా ఈ దశలోనే చూపాలి.

బాడీ డొల్ల గనుక లోపలికొకటి, బయటికొకటి అచ్చులు కావాలి. మొదటి సగం గట్టిపడ్డాక విడుదల పూత పూయకపోతే రెండో సగం దానికే అతుక్కుపోతుంది. ఆపై రెండు ద్రవాలను కలిపిన పాలీయురేథేన్ రెజిన్‌ను సన్నని ధారగా పోస్తారు. కొన్ని నిమిషాల్లోనే అది గడ్డకడుతుంది. గాలి పోయే దారులు ఎత్తైన చోట్ల ఉండకపోతే బుడగలు మిగిలి అంచులు గుంటలు పడతాయి. రెజిన్ ఆవిరీ ధూళీ ఊపిరితిత్తులకు హాని చేస్తాయి. గాలి బాగా ఆడే చోటు, తగిన మాస్కు తప్పనిసరి.

పోతపోసిన బాడీకి అసలు శత్రువు బరువు. కప్పు మందమైతే బరువు పైకి చేరి కారు మలుపులో పల్టీ కొడుతుంది. అందుకే బాడీని దీపానికి ఎదురుగా పట్టుకుని, వెలుగు రాని మందపు చోట్లను లోపలి నుంచి అరగదీస్తారు. డ్రైవర్ బొమ్మను ఛాతీ వరకే ఉంచుతారు. అద్దాలకు పలుచని పారదర్శక రేకును వేడిచేసి లాగి అమరుస్తారు.

ఇతరుల బాడీ నుంచి అచ్చు తీయడాన్ని ఈ కళలో దొంగతనంగానే చూస్తారు, అది న్యాయమే. కొన్ని పదుల పోతల తరువాత రబ్బరు చిరుగుతుంది. కొత్త అచ్చుకు మళ్లీ ఆ మొదటి నమూనాయే కావాలి, కనుక దాన్ని భద్రంగా దాచుకుంటారు.