బత్తాయికి కన్ను కట్టే చేతులు

బేగంపేట ప్రకాశ్‌నగర్‌లో జ్యూస్ బండి ముందు నిలబడి బత్తాయి రసం తాగేవాళ్లలో, ఆ పండు ఎవరి చేతి చలవో తలుచుకునేవాళ్లు తక్కువ. నల్లగొండ బత్తాయి అయినా అనంతపురం చీనీ అయినా రకం ఒకటే, సాతుగుడి. అది మన దగ్గరికి ఎలా చేరిందో తలా ఒక కథ చెబుతారు. నా ధ్యాసంతా అంటుకత్తి మీదే.

విత్తు నాటి పెంచిన బత్తాయికి ముళ్లెక్కువ, కాపు ఆలస్యం. అందుకే జంభేరి నిమ్మ మొక్క మీదో రంగపూర్ నిమ్మ మొక్క మీదో బత్తాయి కన్ను, అంటే కొమ్మ మీది మొగ్గ, కడతారు. రైల్వే కోడూరు నర్సరీల్లో ఆ పని చూడాలి! పెన్సిలంత లావున్న కాండానికి, నేల నుంచి జానెడు ఎత్తున, ఇంగ్లీషు టీ అక్షరంలా గాటు పెడతారు. తల్లిచెట్టు కొమ్మ నుంచి కన్నును పలుచగా చెక్కి ఆ బెరడు కిందికి జారుస్తారు. కన్ను మాత్రం బయటికి కనబడేలా ప్లాస్టిక్ పట్టీ చుడతారు. తడి ఆరితే కన్ను చచ్చినట్టే, కాబట్టి ఇదంతా క్షణాల్లో అయిపోవాలి. అంటు కిందికి కడితే తడిమట్టి తగిలి బంకతెగులు పట్టుకుంటుంది. బెరడు లేస్తుందో లేదో వేలు ఆనించి చెప్పేసే ఆ పనివాళ్ల నైపుణ్యం ముందు ఏ పట్టా నిలుస్తుంది?

ఇంకో విద్య తోట రైతుది: బెట్ట. చలికాలంలో నీళ్లు ఆపేస్తారు. ఎర్ర చల్కల్లో నెల చాలు, నల్లరేగడిలో ఇంకా ఆగాలి. ఆకు వాడి కొంత రాలాక పాదులు తవ్వి, ఎరువేసి, మెల్లగా తడి ఇస్తే తోటంతా ఒక్కసారిగా పూస్తుంది. తొందరపడి తడిపితే పూత పలచబడుతుంది, మరీ ఆలస్యం చేస్తే చెట్టే పోతుంది. మధ్యధరా సముద్రంలోని సిసిలీ దీవిలోనూ ఎండాకాలం నిమ్మతోటలకు నీళ్లు ఆపి, మరుసటి వేసవికి కాయలు తీస్తారు. ఆ దీవి నిమ్మకు ప్రపంచమంతా పేరుంది. మన చల్కరైతు విద్య దానికి ఏం తీసిపోయింది?

బోర్లు ఎండి, ట్యాంకర్లతో నీళ్లు మోసి తోటలు కాపాడుకున్నవాళ్లను నల్లగొండలో, అనంతపురంలో చూశాం. కరువును అర్థం చేసుకోగలను. నాసిరకం మొక్కను క్షమించలేను. ఏ చెట్టు నుంచి కన్ను తీశారో చెప్పలేనివాడు చవగ్గా మొక్కలమ్ముతాడు. తల్లిచెట్టులోని ట్రిస్టెజా వైరస్, గ్రీనింగ్ తెగులు ఆ కంటితోనే తోటలోకి వస్తాయి. రైతుకు సంగతి తెలిసేసరికి ఏళ్ల కష్టం మన్నయిపోతుంది. ఇది పచ్చి మోసం. పట్నంలో మనమూ తక్కువ తినలేదు. చక్కెరనీళ్లలో రంగూ వాసనా కలిపిన సీసా కొనుక్కుని, పచ్చటి తొక్క చూసి బత్తాయిని పక్కన పెడతాం. మన ఎండకు ఆ తొక్క పచ్చగానే ఉంటుంది, లోపల రసం నిండుగా ఉంటుంది. నాగపూర్ సంత్రా అభిమానులు ఏమన్నా సరే, సాతుగుడి తీపి ముందు అది రెండో పండే.

తిరుపతి, పేట్లూరు పరిశోధన కేంద్రాలు నిమ్మజాతి మీద చేసిన పని చిన్నది కాదు. పరీక్షించిన తల్లిచెట్ల కన్నులే ప్రతి నర్సరీకీ అందాలి. కోడూరు అంటుకట్టేవాళ్లను ములుగులోని ఉద్యాన విశ్వవిద్యాలయానికి పిలిచి, జీతమిచ్చి, గురువులుగా కూర్చోబెట్టాలి.